అన్న చోటు

డప్పు పోటీలకు పొగ మిషన్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. డప్పు కొట్టేవాడు జనానికి కనపడకూడదనా? కిందటేడు నరసరావుపేట పోటీల్లో ఒక జట్టు ఆ పొగలోంచి దగ్గుకుంటూ బయటికొచ్చింది. డప్పుల చుట్టూ రంగు లైట్లు, తలలకు రిబ్బన్లు, సాయంత్రం పూట కళ్ళకు నల్లద్దాలు. వచ్చీ రాగానే సినిమా పాట పెట్టి దాని మీద కొట్టారు. ఒకడు ఇంకొకడి భుజాలెక్కి కొట్టాడు. జనం ఈలలు వేశారు, మొదటి బహుమతి వాళ్ళకే ఇచ్చారు. మాకు ప్రోత్సాహక బహుమతి అని ఒక స్టీలు గిన్నె చేతిలో పెట్టారు. మా ఆవిడ సుగుణ దాంట్లో పెరుగు తోడేస్తోంది.

నా పేరు ఏసోబు. మాది బొల్లాపల్లి అవతల మెట్ట ఊరు. మిరప, కంది, వానలు బాగుంటే కాస్త పత్తి. చావులకూ పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ డప్పు కొట్టడం మా తాత నాటి నుంచీ మా ఇంటి పని. ఆ రోజుల్లో పిలిచి కొట్టించుకునేవాళ్ళు, దూరంగా కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్ళు. పోటీలు మొదలయ్యాకే మమ్మల్ని పేరు పెట్టి పిలిచి, స్టేజీ మీద కుర్చీ వేయడం మొదలుపెట్టారు. అందుకే పోటీ అంటే మా అన్న కృపాదానానికి ప్రాణం.

అన్న జట్టుకు పెద్ద. ఆయన ఉన్నన్నాళ్ళూ మా పద్ధతి ఒకటే. అందరం ఒకే వరసలో నిలబడతాం. మధ్యలో అన్న, ఆయన ఎడమ పక్క నేను. అన్న దరువు వేస్తాడు, మేం జవాబు చెబుతాం. మొదట నెమ్మదిగా, మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. పోను పోను వేగం అందుకుంటుంది. చివరికొచ్చేసరికి కూర్చున్నవాళ్ళు లేస్తారు. మేం మాత్రం నిలబడ్డ చోటు నుంచి కదలం. కదలాల్సింది చూసేవాళ్ళేనని అన్న అనేవాడు.

ముప్పై ఏళ్ళు ఆయన ఎడమ పక్కనే నిలబడ్డాను. కొట్టేటప్పుడు ఆయన ముఖం చూసేవాణ్ణి కాదు, మోచెయ్యి చూసేవాణ్ణి. అది కాస్త పైకి లేస్తే దరువు మారుతుంది. పక్కటెముకలకు ఆనితే ఆగుతుంది. నాకు తెలిసిన విద్య అంతా ఆ మోచేతిలోనే ఉంది.

మా జట్టుకు ఇంకో ఆచారం ఉంది. వేరే ఊళ్ళ వాళ్ళకు ఉందో లేదో తెలియదు. జట్టులో మనిషి పోతే ఏడాది పాటు వరసలో అతని చోటు వదిలేస్తాం. పక్కవాళ్ళు దగ్గరికి జరగరు. ఏడాది నిండిన రోజున ఎడమ పక్కనున్నవాడు కుడికి ఒక అడుగు వేసి ఆ చోట్లోకి వస్తాడు, మిగతావాళ్ళు అతని వెనక జరుగుతారు. మా నాన్న పోయిన ఏడు గురజాలలో పోటీకి వెళ్తే, ఒక జడ్జి మైకులో "మీ వరసలో ఖాళీ ఉంది, మార్కులు పోతాయి" అన్నాడు. "అది ఖాళీ కాదండీ, మా నాయన" అన్నాడు అన్న. మార్కులు పోయాయి. అన్న ఏమీ బాధపడలేదు. నేను మాత్రం బస్సెక్కేదాకా ఆ జడ్జిని తిడుతూనే ఉన్నాను.

పోయిన ఈస్టర్ అయిన వారంలో అన్న పోయాడు. కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ పక్కకు ఒరిగాడు. ఆటోలో వినుకొండ తీసుకెళ్ళేసరికే అయిపోయింది. అన్నను పాతిపెట్టిన రోజు నేనే కొట్టాను. కొడుతూ అలవాటుగా కుడి పక్కకు చూశాను. చాలా రోజులు అలా చూస్తూనే ఉన్నాను, అన్నం తినేటప్పుడు కూడా. ఏడుపు అప్పుడు వచ్చేది.

అన్న కూతురు దీపశ్రీ నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు టీచరు. డప్పు సగం వాళ్ళ నాన్న నేర్పాడు, సగం నేను నేర్పాను. చెయ్యి మంచిది, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. అన్న తరవాత జట్టును ఆ పిల్లే చేతిలోకి తీసుకుంది. ఆడపిల్ల పెద్దరికం ఏమిటని ఒకరిద్దరు గొణిగారు. నాకు ఆ పేచీ లేదు. నా పేచీ వేరే.

క్రిస్మస్ వెళ్ళాక ఒక ఆదివారం దీపశ్రీ అందర్నీ కల్లానికి రమ్మంది. నేను నా తోలు డప్పు చంకన పెట్టుకుని, సెగ చూపించడానికి ఇన్ని ఎండు కంది కట్టెలు కూడా పట్టుకుని వెళ్ళాను. తోలు డప్పును మంట దగ్గర కాచకపోతే అది పలకదు. అక్కడ చూస్తే అందరి చేతుల్లో ఫైబర్ డప్పులు. వాటికి మంట అక్కర్లేదు, బోల్టు బిగిస్తే చాలు. నా కంది కట్టెలు చూసి మహేష్ గాడు నవ్వాడు. వాడికి డప్పు పట్టుకోవడం నేర్పింది నేనే.

కల్లం నిండా ముగ్గుపిండితో సున్నాలు గీసి ఉన్నాయి.

"ఇదేందే?" అన్నాను.

"మనం నిలబడే చోట్లు బాబాయ్. ఒక్కొక్కళ్ళకి ఒక్కో సున్నా. ఇక్కణ్ణుంచి మొదలెట్టి తిరుగుతాం. ముందు రెండు పాయలు, తరవాత చక్రం, ఆ తరవాత మోకాళ్ళ మీద..."

"వరసేది?"

"వరస ఉండదు. ఒక్కచోట నిలబడి కొడితే మార్కులెయ్యట్లా. ఈసారి గూడా గిన్నె తెచ్చుకుంటే కుర్రోళ్ళు ఉండరు బాబాయ్. ఆసిఫ్‌నీ మహేష్‌నీ పేట బ్యాండోళ్ళు ఇప్పటికే పిలుస్తన్నారు."

"మరి మీ నాయన చోటు?"

"చూపిస్తా. ముందు నువ్వు పోయి నీ సున్నాలో నిలబడు."

"వరసే లేనప్పుడు చోటు యాడుంటదే? తిరిగే గుంపులో యాడని వదుల్తావు? ఏడాది గూడా తిరగలా, అప్పుడే మీ నాయన్ని తీసి అవతల పారేశావా?"

దీపశ్రీ ముఖం ఎర్రబడింది. "ఒక్క నిమిషం ఆగి ఇంటావా?" అంది.

నేను ఆగే రకం కాదు. నా ముందున్న సున్నాను చెప్పుకాలితో చెరిపేశాను. "గంతులేసుకోండి. సర్కస్సోళ్ళకి నాతో పనేంది?" అని డప్పు తీసుకుని వచ్చేశాను. వచ్చేటప్పుడు వెనక్కి చూస్తే ఆ పిల్ల చెరిగిన ముగ్గు వైపే చూస్తోంది. కోపం వస్తే నోరు మూసుకోవడం వాళ్ళ నాన్న పద్ధతి. నోరు తెరవడం నా పద్ధతి. కంది కట్టెలు అక్కడే మరిచిపోయాను.

వారం తిరక్కుండా దీపశ్రీ పసుపు పచ్చ చొక్కా ఒకటి పంపింది. జట్టంతా అదే వేసుకుంటుందట. ముట్టుకోలేదు. సుగుణ దాన్ని మడిచి పెట్టెలో పెట్టింది.

"ఇంతకీ నీ కోపం ఆళ్ళ గంతుల మీదా, మీ అన్న లేడనా?" అని అడిగింది.

"రెండూ ఒకటే."

"ఒకటెట్టా అయితయ్యి?"

చేలోకి వెళ్ళిపోయాను. రోజూ సాయంత్రం కల్లం వైపు నుంచి ఫైబర్ డప్పుల చప్పుడు వినిపించేది. డబ్బా మీద కొట్టినట్టు ఉండేది. పెరట్లో మంట వేసుకుని నేను కూడా కొట్టేవాణ్ణి. ఒక్కణ్ణే కొడితే ఏం బాగుంటుంది? జవాబు చెప్పడం తప్ప నాకు వేరే తెలియదు. అడిగేవాడు లేకుండా జవాబు చెబుతుంటే పిచ్చివాడి మాటల్లా ఉండేది. పొరుగింటి పిల్లలు గోడెక్కి చూసేవాళ్ళు, వాళ్ళను అదిలించేవాణ్ణి.

ఫిబ్రవరిలో పోటీలు వచ్చాయి. ఆ రోజు పొద్దున్నే పంచె కట్టుకుని, పురుగుమందు కొట్టే మిషన్‌కు వాషరు కావాలి, పేటకు వెళ్ళొస్తానని సుగుణతో చెప్పాను.

"వాషరుకి డప్పెందుకు?" అంది.

గోతాంలో పెట్టాను, కనపడదనుకున్నాను. "తోలు వదులైంది, చూపిద్దామని" అన్నాను.

"ఆ. చొక్కా గూడా చూపిస్తావా, తియ్యనా పెట్టెలోంచి?"

ఈ మనిషితో వాదించలేక బస్సుకు పరిగెత్తాను.

పోటీలు పేటలో కాలేజీ గ్రౌండులో. చుట్టూ తాళ్ళు కట్టారు, ఒక పక్క స్టేజీ, దాని మీద జడ్జీలు. నేను తాడు పక్కన జనంలో నిలబడ్డాను. మాచర్ల వైపు జట్టు ఒకటి బుల్లెట్ బండ్ల మీద కొట్టుకుంటూ వచ్చింది. ఇంకో జట్టు డ్రోను ఎగరేసి పూలు చల్లించింది, ఆ పూలు గాలికి పోయి జడ్జీల టీ గ్లాసుల్లో పడ్డాయి. చూస్తున్నంతసేపూ ఒంట్లో రక్తం ఉడికింది. అయినా చేతులు ఊరుకోవు. ప్రహరీ వెనక్కి వెళ్ళి చిత్తుకాగితాలు, ఎండాకులు పోగేసి డప్పుకు సెగ చూపించాను. వాలంటీరు కుర్రాడొకడు మంట చూసి కేకలేస్తూ వచ్చాడు. అప్పటికే తోలు బిగిసింది.

తిరిగొచ్చేసరికి మా ఊరి పేరు పిలుస్తున్నారు.

పసుపు చొక్కాల్లో మా జట్టు రెండు పాయలుగా వచ్చింది. ముందు దీపశ్రీ. పొగ లేదు, పాట లేదు. దరువు మాత్రం మాదే, అన్న వేసే నెమ్మది దరువే. రెండు పాయలూ ఒకదాంట్లోంచి ఒకటి దూరి అటూ ఇటూ అయ్యాయి. అలా దూరేటప్పుడు మా జట్టు కుర్రాడు వెంకటసాయి, నేరుగా పోవలసినవాడు, దేన్నో తప్పించుకున్నట్టు పక్కకు ఒరిగి వెళ్ళాడు. ఆసిఫ్ కూడా సరిగ్గా అదే చోట ఒరిగాడు. కింద రాయేదో ఉందనుకున్నాను.

తరవాత చక్రం కట్టారు. చక్రంలో ఒకచోట సందు ఉంది. చక్రం తిరిగింది, సందు కూడా తిరిగింది. అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు, సందు అలాగే ఉంది. లేచి మళ్ళీ పాయలయ్యారు. సందు మధ్యలోకి వచ్చింది, వాళ్ళతో పాటు నాలుగడుగులు ముందుకు నడిచింది. అప్పుడు దీపశ్రీ చెయ్యి ఎత్తింది, అందరూ ఆపారు. ఒక దరువు పట్టేంత సేపు ఎవరూ కొట్టలేదు. ఆ ఖాళీలో పడవలసిన దరువు నాకు తెలుసు. అది అన్నది. ఆ తరవాత అందరూ కలిసి దానికి జవాబు కొట్టారు.

ఎవరూ దగ్గరికి జరగలేదు. అన్న చోటు అన్నకుంది. నాలుగు రోజులుగా ఆగని జ్వరం దిగినట్టు ఒళ్ళంతా తేలికైంది. అన్న వరసలో నిలబడి లేడు, అంతే. నడుస్తున్నాడు, తిరుగుతున్నాడు. జీవితంలో కొట్టేటప్పుడు ఒక్క అడుగు వేయని మనిషిని కూతురు గ్రౌండంతా తిప్పుతోంది. కళ్ళు తుడుచుకున్నాను.

తుడుచుకుని చూస్తే ఆ సందు ఒక్క మనిషిది కాదు, అన్న చోటుకు ఎడమ పక్క ఇంకో మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఏ కుర్రాడో చోటు మరిచిపోయాడనుకుని నోట్లో తిట్టుకున్నాను. మళ్ళీ చక్రం కట్టారు. అన్న చోటు, దాని ఎడమ పక్క ఇంకో చోటు. పాయలయ్యారు. అన్న ఎటు పోతే ఆ రెండోదీ అటే పోతోంది, మోచేతి దూరంలో.

అది నా చోటు.

జడ్జీలకు అది పెద్ద బొక్కలా కనపడుతోందని నాకు తెలుసు. ఒకాయన చూపుడువేలితో చూపించి పక్కాయనతో ఏదో అంటున్నాడు. మార్కుల కోసం వరసే తీసేసిన పిల్ల, మార్కులు పోతాయని తెలిసీ నా చోటును మోసుకుని తిరుగుతోంది. మనసు కరిగిపోవాల్సిన సమయం అది. నాకు మాత్రం కోపం వచ్చింది. చచ్చినవాళ్ళకు కదా చోటు వదిలేది? నేనింకా బతికే ఉన్నానే!

గోతాం అక్కడే పడేసి, చెప్పులు విడిచి, తాడు కింద నుంచి దూరాను. ఇందాకటి వాలంటీరు వచ్చి పంచె పట్టుకున్నాడు.

"ఏయ్ పెద్దాయనా, యాడికి?"

"అదిగో, నా చోటది. ఒదులు."

వాడు వదల్లేదు, నేనే లాక్కుని పోయాను. మహేష్ నన్ను చూసి నోరు తెరిచాడు, చెయ్యి మాత్రం ఆపలేదు. పర్వాలేదు, బాగానే నేర్పాను. వెళ్ళి అన్న ఎడమ పక్కన నిలబడ్డాను.

అడుగులు ఒక్కటీ తెలియవు. ఎటు పోవాలో, ఎక్కడ తిరగాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియదు. తెలిసింది ఒకటే, అన్నకు మోచేతి దూరంలో ఉండటం. కుడి పక్కకు చూశాను. వెంకటసాయి ఒరిగి దారి ఇచ్చాడు, అంటే అన్న ముందుకు వెళ్తున్నాడు. నేనూ వెళ్ళాను. ఆసిఫ్ వెనక్కి తగ్గాడు, అన్న తిరుగుతున్నాడు. నేనూ తిరిగాను. ఒకసారి తిరగాల్సిన వైపు కాకుండా ఇంకో వైపు తిరిగి ఆసిఫ్ డప్పును గుద్దుకున్నాను. "ఇటు మామా, ఇటు" అన్నాడు వాడు పళ్ళ సందునుంచి. మళ్ళీ అన్న పక్కకు చేరాను. ఖాళీ చోటును చూస్తూ నడుస్తుంటే ఆ మోచెయ్యి నాకు కనపడింది. అబద్ధం చెప్పడం లేదు. ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పక్కటెముకలకు ఆనుతుందో అంతా కనపడింది. అన్ని ఫైబర్ డప్పుల మధ్య నా తోలు డప్పు వేరేగా, బొంగురుగా పలికింది. చివరి దరువుకు జనం లేచారో లేదో నేను చూడలేదు. నేను కుడి పక్కకే చూస్తున్నాను.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది డ్రోను వాళ్ళకు ఇచ్చారు. జట్టులో ఒకరికి యూనిఫాం లేదని మాకు మార్కులు తగ్గించారట. మైకులో ఆ మాట చెబుతుంటే కుర్రాళ్ళంతా నా పంచె వైపు చూసి నవ్వారు. ఆసిఫ్ నా డప్పు అడిగి తీసుకుని, తోలు మీద వేలితో కొట్టి విన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో దీపశ్రీ పక్కన కూర్చున్నాను. ఉండబట్టలేక నేనే మొదలుపెట్టాను.

"బతికున్నోణ్ణి చంపేశావు గదే!"

"నువ్వు లేవు. లేనోళ్ళ చోటు వదలాలని చిన్నప్పట్నుంచీ నువ్వేగా చెప్తా వచ్చింది?"

"అది చచ్చినోళ్ళకి."

"అట్టాగా. అలిగినోళ్ళకి ఏం చెయ్యాలో నువ్వు చెప్పలా మరి."

వెనక కూర్చున్నవాళ్ళు పకపకా నవ్వారు. నేను నవ్వలేదు. "మీ నాయన చోటు ఇట్టా పెట్టానని ఆ రోజే ఒక్క మాట చెప్తే నేను పోయేవాణ్ణా?" అన్నాను.

దీపశ్రీ రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "చెప్పేలోపలే చెరిపేశావుగా బాబాయ్. నువ్వు కాలితో చెరిపింది నాన్న సున్నానే. చానా ఏడుపొచ్చింది నాకు. ఇంక చెప్పబుద్ధి కాలా."

ఆటో ఊరు చేరేదాకా నేను తల ఎత్తలేదు. దిగేటప్పుడు ఆ పిల్ల నా డప్పు అందిస్తూ అంది. "ఈస్టర్ అయ్యాక ఏడాది నిండుద్ది. నాన్న చోట్లోకి జరగాల్సింది నువ్వే. ఆయన అడుగులన్నీ నేర్చుకోవాల నువ్వు. చానా ఉన్నయ్యి. రేపు పొద్దున్నే రా."

పొద్దున్నే పెట్టె తీసి పసుపు చొక్కా వేసుకున్నాను. పొట్ట దగ్గర బిగుతుగా ఉంది. సుగుణ చూసి, "వాషరు దొరికినట్టుందే" అంది. డప్పు చంకన పెట్టుకుని బయటికొచ్చాను.

కల్లం ఊడ్చి ఉంది, పాత గీతలు ఒక్కటీ లేవు. మిరపకాయలు పోసే రోజులు దగ్గరపడ్డాయి. దీపశ్రీ ముగ్గుపిండి డబ్బాతో ఒక్కొక్క సున్నా గీసుకుంటూ వచ్చి మధ్యలో ఆగింది. డబ్బా నా చేతికిచ్చింది.

"ఇది నువ్వు గియ్యి బాబాయ్. ఇక్కడ."

వంగి గీశాను. వంకరగా వచ్చింది. ఆ పిల్ల సరిదిద్దలేదు. దాని ఎడమ పక్క సున్నాలోకి వెళ్ళి నిలబడ్డాను.